కొంచెం ఎత్తుగా ఉందండి

నేను ఒక పంటి తొడుగుని. డాక్టర్లు నన్ను క్రౌన్ అంటారు, అంటే కిరీటమట. నన్ను మోస్తున్న పెద్దమనిషి క్యాప్ అంటాడు. ఆయన భార్య ‘ఆ దిక్కుమాలింది’ అంటుంది. ఈ మూడింట్లో నాకు ఏది ఇష్టమో మీరే ఊహించుకోండి. కాకపోతే కిరీటాలు పెట్టుకున్న మహారాజులెవరూ వాటితో చేగోడీలు నమిలి ఉండరు కనుక ఆ పేరు కోసం నేను మరీ పట్టుబట్టను.

నా పరిమాణం నానిన శనగగింజంత. నా చిరునామా మండపేట దగ్గర ఒక బియ్యం మిల్లులో పనిచేసే సలాది తాతబ్బాయి నోరు, కింది దవడ, కుడివైపు, వెనకనుంచి రెండో పన్ను. నాకు కళ్లెక్కడివని అడగకండి. ఆయన నోరు తెరిచినప్పుడు నాకు లోకం కనిపిస్తుంది, మూసుకున్నప్పుడు దవడ ఎముక గుండా మాటలు వినిపిస్తాయి. ఆయన పెద్ద కబుర్లపోగు కాబట్టి నాకు లోకం బాగానే కనిపిస్తుంది. ఇప్పుడు చెప్పబోయేది నేను ఆ నోట్లో ఎలా నిలబడ్డానన్న సంగతి. నిలబడతానన్న ఆశ నాకు చాలాకాలం లేదు.

నేను పుట్టింది రాజమండ్రిలో, పళ్లు తయారుచేసే ఒక చిన్న ల్యాబులో. మొదట తెల్లటి పొడిని అదిమి చేసిన బిళ్లలో ఒక మూల ఉండేదాన్ని. సుద్దముక్కకీ నాకూ తేడా తెలిసేది కాదు. ఒక యంత్రం గిర్రున తిరుగుతూ నన్ను అందులోంచి చెక్కింది. అప్పుడు నేను ఉండాల్సిన దానికన్నా బాగా పెద్దగా ఉన్నాను. ఆ తర్వాత పదిహేను వందల డిగ్రీల వేడి ఉన్న కొలిమిలో గంటలకొద్దీ కాల్చారు. కాలుతూ కాలుతూ కుంచించుకుని, గట్టిపడి, అసలు సైజుకి వచ్చాను. పుట్టాక పెరిగినవాళ్లని మీరు చాలామందిని చూసి ఉంటారు. పుట్టాక తగ్గినదాన్ని మాత్రం నన్నే చూస్తున్నారు.

అక్కడ నాకు మెరుగుపెట్టినావిడ పేరు మెహరున్నీసా. సన్నటి కుంచెతో నా మీద లేత పసుపు పూసింది. “ఈయనెవరో గానీ టీ బాగా తాగుతాడు, మిగతా పళ్ల పక్కన తెల్లగా ఉంటే దొరికిపోతుంది” అని తనలో తను అనుకుంది. తాతబ్బాయి పళ్ల అచ్చుతీసి పోసిన రెండు ప్లాస్టర్ దవడలు ఆవిడ బల్లమీద ఉన్నాయి. వాటిని కీలుకి బిగించి, నన్ను నా స్థానంలో కూర్చోబెట్టి, టక్ మని మూసింది. మళ్లీ తెరిచి, భూతద్దంలోంచి చూసి, “సరిగ్గా కూచుంది” అంది. ఆ మాట అక్షరాలా నిజం. ఆ తర్వాత ఎనిమిది నెలలపాటు అది నిజమని ఒప్పుకున్నవాళ్లు ఎవరూ లేరు.

ఇక నా యజమాని సంగతి. తాతబ్బాయికి యాభై ఎనిమిదేళ్లు. ముప్పై అయిదేళ్లుగా మిల్లులో ఆయన పని ఒక్కటే, వచ్చిన ధాన్యం ఎండిందో లేదో చెప్పడం. లారీ గేటులోకి రాగానే బస్తాలో ఇనుప గొట్టం పొడిచి నాలుగు గింజలు తీస్తాడు. అరచేతుల మధ్య నలిపి పొట్టు ఊదేస్తాడు. మిగిలిన బియ్యపు గింజని కుడివైపు దవడపళ్ల మధ్య పెట్టుకుని, తల కొంచెం వాల్చి, ఎడమకన్ను మూసి, దవడని పక్కకి జరిపి మెల్లగా నొక్కుతాడు. గింజ టిక్ మని విరిగితే ఎండినట్టు. చప్పుడు చేయకుండా అణిగిపోతే పచ్చి. ఆ రెండింటికీ మధ్య ఇంకెన్ని తేడాలున్నాయో ఆయనకే తెలుసు. ‘పదహారు’ అన్నాడంటే నూటికి పదహారు పాళ్లు తేమ ఉన్నట్టు. పదిహేడు దాటితే మిల్లు తీసుకోదు. మిల్లు యజమాని బుల్లిరెడ్డి దగ్గర తేమ కొలిచే మీటరు కూడా ఉంది. కానీ తాతబ్బాయి మాటకీ మీటరుకీ తేడా వస్తే బుల్లిరెడ్డి మీటరులో బ్యాటరీలు మార్పించేవాడు.

అలా కొరుకుతున్నప్పుడే ఒకరోజు గింజతోపాటు సన్నటి రాయి పంటికింద పడింది. పన్ను నిలువునా బీటలు వారింది. డాక్టరు లోపలి నరం తీసేసి, శుభ్రంచేసి, మిగిలిన మొండిపంటి మీద నన్ను బిగించాడు. అది నా గృహప్రవేశం.

డాక్టరు నీలం కాగితం ముక్క ఒకటి నా మీద పెట్టి “కొరకండి” అన్నాడు. పళ్లు ఎక్కడ గట్టిగా తగులుతున్నాయో అక్కడ నీలం మచ్చ పడుతుంది, అక్కడ కాస్త అరగదీస్తారు. తాతబ్బాయి కొరికాడు. నా బయటి మూలన పెద్ద మచ్చ పడింది. డాక్టరు అక్కడ వెంట్రుకవాసి అరగదీసి “ఇప్పుడెలా ఉంది?” అని అడిగాడు. తాతబ్బాయి రెండుసార్లు కొరికి, కాసేపు ఆలోచించి, ఆ మాట అన్నాడు.

“కొంచెం ఎత్తుగా ఉందండి.”

ఈ మూడు ముక్కలు నేను ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వారంలో సర్దుకుంటుందన్నారు. సర్దుకోలేదు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయనా నీలం కాగితం పెట్టాడు, ఆయనకీ అదే మూలన మచ్చ కనిపించింది, ఆయనా అరగదీశాడు. “కొంచెం ఎత్తుగా ఉందండి.” మూడో డాక్టరు నాతోపాటు పైన నాకు ఎదురుగా ఉన్న పంటిని కూడా కొంచెం గీకాడు. ఆ పన్ను చేసిన పాపమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ముగ్గురూ మంచివాళ్లే, చేతిపని తెలిసినవాళ్లే. కాగితం ఏం చెబితే అదే చేశారు.

ఇంట్లో మా బతుకు ఇంకా అన్యాయంగా తయారైంది. నాలుక గంటకి నలభైసార్లు వచ్చి నన్ను తడిమిపోయేది. పోలీసులు అనుమానం ఉన్నవాడి ఇంటికి వచ్చి పోయినట్టే. తాతబ్బాయి అద్దం ముందు నిలబడి దవడ అటూ ఇటూ జరుపుకుంటూ టక్, టక్ మని కొట్టుకుని చూసుకునేవాడు. పెసరట్టు అయినా సరే, పనసపొట్టు కూర అయినా సరే, ముద్ద నోట్లో పెట్టుకోవడం, నమలడం ఆపి ఆలోచించడం, మళ్లీ రెండు నమలడం, మళ్లీ ఆగడం. అన్నం తింటున్నాడో, ముద్దముద్దకీ పంచాయితీ పెడుతున్నాడో తెలిసేది కాదు.

ఒకరోజు ఆయన భార్య నూకరత్నం ఇక ఉండబట్టలేక, “రుచెలా ఉందో చెప్పండి ముందు” అంది.

“ఏ రుచే?” అన్నాడు ఆయన.

“ఏవండీ, గోంగూరండీ! గోంగూర తింటా ఏ రుచని అడిగినోణ్ణి మిమ్మల్నే చూసేను” అని ఆవిడ గిన్నె తీసుకుని లేచిపోయింది.

ఇంట్లో సంగతి ఎలా ఉన్నా ఆయన్ని నిజంగా కుంగదీసింది మిల్లులో జరిగినది. ఖరీఫ్ కోతల్లో గంగరాజు అనే కౌలురైతు ధాన్యం తెచ్చాడు. తాతబ్బాయి గింజ కొరికాడు. గింజ మాట ఆయనకి వినిపించలేదు, నా మూల మాత్రమే వినిపించింది. పచ్చిగా ఉందని తిప్పి పంపేశాడు. ఎండిన ధాన్యమే అది. గంగరాజు దాన్ని మళ్లీ తారురోడ్డు మీద పోసి రెండురోజులు ఎండబెట్టి తెచ్చాడు. మీటరుతో చూస్తే మరీ ఎండిపోయి పన్నెండుకి వచ్చింది. అంత ఎండితే మరలో వేయగానే గింజ నూకయిపోతుంది. గంగరాజు తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు. తాతబ్బాయి ఆరోజు మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. ఒకరి కష్టాన్ని తను తప్పుగా తూచానన్న సిగ్గు ఆయన్ని తినేసింది. నాకూ సిగ్గేసింది. నేరం నాది కాదని ఎముక దద్దరిల్లేలా అరవాలనిపించింది కానీ, ఎవరు వింటారు?

సంక్రాంతి వెళ్లాక, రెండో పంట దాళ్వాకి నాట్లు పడుతుండగా, బుల్లిరెడ్డి ఆయన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “తాతబ్బాయ్, నిన్ను తీసేస్తానని అనట్లేదయ్యా. కానీ దాళ్వా ధాన్యం వచ్చేసరికి నీ నోరు కుదుటపడాలి. లేదంటే మీటరుతోనే కానిచ్చేద్దాం. నువ్వు వచ్చి కుర్చీలో కూచో, చాలు” అన్నాడు. దయతోనే అన్నాడు. అదే ఆయనకి మరీ గుచ్చుకుంది. ముప్పై అయిదేళ్లు ధాన్యం చూసిన మనిషిని ఊరికే కుర్చీలో కూర్చోమనడం కంటే గెంటేయడమే నయం.

దాంతో ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఎత్తుగా ఉన్నదాన్ని అరగదీస్తే తగ్గలేదు కాబట్టి పన్నుతో సహా పీకించేయాలి. మార్చి నెలలో పట్నంలోని దంతవైద్య కళాశాలకి బయల్దేరాం, ఆయనా, నూకరత్నం, వాళ్లతోపాటు మరణశిక్ష పడిన నేను.

పళ్లు పీకే విభాగంలో డాక్టరు ఎక్స్‌రే చూసి, “పన్ను శుభ్రంగా ఉందండి, దీన్నెందుకు పీకడం?” అన్నాడు. తాతబ్బాయి బతిమాలాడు. చివరికి ఆయన శుక్రవారానికి రమ్మని రాసిచ్చి, “ఈలోపు పై అంతస్తులో డాక్టర్ ఇందుమతి గారిని ఒకసారి కలవండి. పళ్లు సరిగ్గా కూర్చోవట్లేదని ఏళ్లతరబడి తిరిగేవాళ్ల మీద ఆవిడ పరిశోధన చేస్తున్నారు” అన్నాడు. అది సోమవారం. నా ఆయుర్దాయం నాలుగు రోజులన్నమాట.

ఇందుమతిది అనంతపురం వైపు. ముప్పై అయిదేళ్లుంటాయి. తాతబ్బాయి చెప్పుకున్నదంతా మధ్యలో అడ్డురాకుండా వింది. ఎనిమిది నెలల్లో ఆయన్ని అలా పూర్తిగా విన్న మొదటి మనిషి ఆవిడే. తర్వాత ఒక నల్లటి పట్టీ చూపించింది. “ఇది నుదుటికి కడతానండి. దీంట్లోంచి సన్నటి వెలుతురు లోపలికి పోతుంది. నొప్పుండదు. బుర్రలో ఎక్కడ పని ఎక్కువ జరుగుతుంటే అక్కడికి రక్తం ఎక్కువ పోతుంది కదా, దాన్నిబట్టి ఇది గీతలు గీస్తుంది. మీరు నములుతుంటే మీ బుర్ర ముందుభాగం ఏం చేస్తోందో చూద్దాం.”

“నవిలేది పళ్లు కదండీ, బుర్రెందుకు?” అన్నాడు తాతబ్బాయి.

“అదే నేనూ తెలుసుకుందామనుకుంటున్నా” అంది ఇందుమతి.

“చూసేక ఏవీ తేలకపోతే శుక్రవారం పీకించేసుకుంటానండి మరి.”

“పన్ను మీది. నాకు కనిపించింది చెబుతాను, తేల్చుకోవాల్సింది మీరు.”

పోల్చి చూడటానికి నోటి బాధ లేని మనిషి కూడా కావాలంది. అక్కడ అలాంటివాళ్లు నూకరత్నం ఒక్కతే. ముందు ఆవిడకే పట్టీ కట్టారు. రుచీ పచీ లేని చూయింగ్ గమ్ ఒకటి ఇచ్చి అరనిమిషం నమలమని, అరనిమిషం ఆగమని, అలా పదిసార్లు చేయించారు. ఇందుమతి తెర వైపు చూసి నవ్వింది. “గీత దాదాపు కదలనే లేదండి.”

నూకరత్నం మొహం చిన్నబుచ్చుకుంది. “అంటే నా బుర్రలో ఏవీ లేదంటారా అమ్మా?”

“అయ్యో, అది కాదండి! నమలడం మీకు అలవాటైన పని, మీ బుర్ర ముందుభాగం దాన్ని పట్టించుకోదు. హాయిగా కూర్చుంది, అంతే. ఇంతకీ నములుతున్నప్పుడు మీరేం ఆలోచించారు?”

“గేదెకి కుడితి పెట్టమని పక్కింటావిడతో చెప్పేనో లేదోనని.”

“చూశారా” అంది ఇందుమతి. ఆవిడ అంత ఆనందంగా కాగితం మీద రాసుకోవడం చూసి తాతబ్బాయి నోరు తెరిచాడు కనుక నాకూ కనిపించింది.

తర్వాత ఆయన వంతు. పట్టీ నుదుటికి బిగుసుకున్న దగ్గర్నుంచీ నేను కళ్లు మూసుకున్నట్టే. గమ్ వచ్చి నా మీద పడింది. ఆయన నమిలాడు, ఆగాడు, నమిలాడు. నమిలిన ప్రతిసారీ ఆయన ప్రాణమంతా నా మీదికి వచ్చి వాలడం నాకు తెలుస్తూనే ఉంది. మిగతా పళ్లన్నీ ఊరకే ఉన్నట్టు, లోకంలో నేనొక్కదాన్నే ఉన్నట్టు. అంత ప్రేమ నాకొద్దు మహాప్రభో అనుకున్నాను.

“తాతబ్బాయి గారూ, మీ బుర్ర ముందుభాగం ఊపిరాడకుండా పనిచేస్తోందండి. నమలడం ఆపమన్నా అది ఆపట్లేదు. గమ్ ఇంకా నోట్లో పెట్టుకోకముందే మొదలుపెట్టేసింది” అంది ఇందుమతి.

ఆయన గమ్‌ని బుగ్గలోకి తోసుకున్నాడు. “అంటే నాకు పిచ్చంటారాండీ? అందరూ అదే అనుకుంటన్నారు, పైకి అనట్లేదంతే.”

“కాదండి. మీకు తెలుస్తున్న ఇబ్బంది నిజమైనదే. మీరు కల్పించుకున్నారని నేను అనట్లేదు, ఎవరూ అనకూడదు కూడా. అది పంటిలో ఉందా, మీరు ఆ పంటిని కనిపెట్టుకుని ఉండటంలో ఉందా, అదే నాకు ఇంకా తెలియట్లేదు. ఏదీ, ఒకసారి ఈ కాగితం కొరకండి.”

మళ్లీ నీలం కాగితం. నాకు విసుగొచ్చింది. తాతబ్బాయి అలవాటుగా కాగితాన్ని అందుకున్నాడు, తల కొంచెం వాల్చాడు, ఎడమకన్ను మూశాడు, దవడని పక్కకి జరిపి మెల్లగా నొక్కాడు.

“అదేంటండీ!” అని గట్టిగా అంది నూకరత్నం. ఇన్నాళ్లూ ఆవిడ ఆస్పత్రుల్లో బయట బెంచీమీదే కూర్చుంది. లోపలికి వచ్చి ఆయన కాగితం కొరకడం చూడటం ఇదే మొదటిసారి. “మీరు కాయితం కొరుకుతున్నారా, ధాన్యం చూస్తన్నారా?”

ఇందుమతికి అర్థం కాలేదు. అనంతపురం వైపు ధాన్యాన్ని కొరికి చూసేవాళ్లని ఆవిడ ఎరగదు. నూకరత్నం మొగుడి చొక్కా జేబులో చేయి పెట్టి నాలుగు వడ్లగింజలు తీసింది. ఆ జేబులో ఎప్పుడూ ఉంటాయి, చొక్కా ఉతికినప్పుడల్లా ఆవిడ తిడుతూనే ఉంటుంది. “చూపించండి డాక్టరమ్మకి” అంది. తాతబ్బాయి నలిపి, పొట్టు ఊది, కొరికి చూపించాడు. అదే తల, అదే కన్ను, అదే దవడ.

“ముప్పయ్యేళ్లుగా చూస్తన్నానమ్మా ఆ మొహం. అది తిండి తినే మొహం కాదు” అంది నూకరత్నం.

ఇందుమతి కుర్చీ దగ్గరికి లాక్కుంది. “మిగతా డాక్టర్ల దగ్గరా ఇలాగే కొరికారా?”

“కొరకమన్నారు, కొరికేనండి. నాకు కొరకడమంటే ఇదే కదండీ” అన్నాడు తాతబ్బాయి అమాయకంగా.

నేను కొలిమిలో కూడా అంత వేడెక్కలేదు. ఎనిమిది నెలలు! దవడని పక్కకి లాగి నొక్కితే ఎవరి పంటికైనా బయటి మూలే ముందు తగులుతుంది. ఆ మూల ఎత్తుగా ఉందని ముగ్గురు డాక్టర్లు అరగదీశారు. అన్నం తినేటప్పుడు ఎవరూ అలా కొరకరు. అంటే నన్ను అరగదీసినదంతా అన్నం కోసం కాదు, ఎవరూ తేని ధాన్యం కోసం!

ఇందుమతి ఆయన్ని మామూలుగా పళ్లు కలపమంది. కలపలేకపోయాడు. మామూలుగా అన్న మాట వినగానే ఆయన ధ్యాస నా మీదికి పోయేది. ఆరుసార్లు ప్రయత్నించి ఆవిడ కాగితం పక్కన పెట్టేసింది. పట్టీ మాత్రం నుదుటి మీదే ఉంది. నోట్లో గమ్ ఉంది. “పోనీ వదిలేయండి. దాళ్వాలో మీవైపు ఏ రకం వేస్తారు?” అని అడిగింది.

“బొండాలండి.”

“బొండాలూ, సన్నబియ్యమూ ఒకటేనా?”

తాతబ్బాయి కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. “ఒకటేంటండీ బాబూ! బొండాలంటే గింజ లావుగా, బొద్దుగా ఉంటాది. అది మనం తినడానికి కాదండి, ఉప్పుడు బియ్యం ఆడించి వేరే రాష్ట్రాలకి పంపుతారు...” అని మొదలుపెట్టాడు. ఎండలు ముదిరినప్పుడు గింజ ఎలా పగులుతుందో, కోత యంత్రం కోసిన ధాన్యానికీ చేత్తో కోసిన దానికీ వాసనలో తేడా ఏమిటో, గమ్ నములుతూనే చెప్పుకుపోయాడు. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఇందుమతి నీలం కాగితం చల్లగా లోపలికి తోసింది. ఆయన చూసుకోకుండానే పళ్లు కలిపి, గుటక వేసి, “అందుకేనండి బొండాల్లో తేవ కనిపెట్టడం కష్టం” అని ముగించాడు.

ఆవిడ భూతద్దం పెట్టి చూసింది. పళ్లన్నింటి మీదా చిన్నచిన్న చుక్కలు పడ్డాయి. నా మీద పడిన చుక్క అన్నింటికంటే లేతగా ఉంది. ఎత్తుగా ఉన్నానని ఎనిమిది నెలలు నేరం మోసినదాన్ని, తీరా చూస్తే వెంట్రుకవాసి పొట్టిగా తేలాను.

“బొండాల గురించి చెప్పినంతసేపూ మీ గీత కిందికి దిగిందండి” అంది ఇందుమతి. “ఇది ఒక్కసారి చూస్తే రుజువైపోయే సంగతి కాదు, ఇంకా చాలామందిని చూడాలి. ఈ పట్టీ మందు కూడా కాదు. నాకు తోచింది మాత్రం చెబుతాను. ముప్పై అయిదేళ్లుగా మీ నోటికి మీరు కాపలా కాయడం నేర్పారు. రాయి తగిలాక ఆ కాపలా గింజల మీంచి పంటి మీదికి మళ్లింది. పన్ను పీకితే కాపలా ఆగుతుందని నేను చెప్పలేను. పక్క పంటి మీదికి పోతుందేమోనని నా భయం.”

నా పక్క పన్ను ఉలిక్కిపడటం నాకు తెలిసింది.

తాతబ్బాయి చేతిలో ఉన్న వడ్లగింజల్ని ఒక్కొక్కటే తిరిగి జేబులో వేసుకున్నాడు. “నలభై రోజులు ఆగుతానండి” అన్నాడు చివరికి. “దాళ్వా ధాన్యం వచ్చేదాకా. అప్పటికీ ఇంతేనంటే పీకించేసుకుంటాను. ఇంక ఆపొద్దు నన్ను.”

ఆవిడ ఒప్పుకుంది. అద్దం మానేయమంది, అరగదీయించడం పూర్తిగా మానేయమంది, నలభై రోజులు గింజ కొరకవద్దంది. మనసు పంటి మీదికి పోతే దానితో పోట్లాడకుండా ఏదో ఒక కబురు మొదలుపెట్టమంది. భోజనం దగ్గర ఆయన్ని మాటల్లో పెట్టే బాధ్యత నూకరత్నానికి అప్పగించింది. డాక్టరు చీటీ మీద మొగుడితో పోట్లాడే అవకాశం ఆడవాళ్లకి ఎంతమందికి దొరుకుతుందో నాకు తెలియదు. నూకరత్నం దాన్ని ఒక్కపూట కూడా వృథా పోనివ్వలేదు. తోడల్లుడికి అరువిచ్చిన గునపం దగ్గర్నుంచి పెళ్లిచూపుల్లో ఆయన కట్టుకొచ్చిన పంచె దాకా అన్నీ విస్తట్లోకి వచ్చేవి. ఆయన జవాబు చెప్పే తొందరలో గబగబా నమిలేవాడు.

అంతా సాఫీగా జరిగిందంటే అబద్ధం అవుతుంది. మంచిరోజులుండేవి, పాడురోజులుండేవి. పదహారో రోజున, నూకరత్నం దాచిపెట్టిన అద్దాన్ని ఆయన వెతికి తీశాడు. టక్, టక్, టక్. ఆవిడ వచ్చి చూసి పక్కనే కూర్చుంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “నాకు చేతనైంది అదొక్కటే కదే. అది కూడా పోతే నేనెందుకు పనికొస్తాను?” అన్నాడు. ఆవిడ దగ్గర ఆ పూటకి పోట్లాట సిద్ధంగా లేదు. చేయి పట్టుకుని కూర్చుంది. నేను గట్టి పదార్థంతో తయారైనదాన్నే కానీ, అప్పుడు నాకు నా కాపురం మీద బెంగ లేదు. నన్ను పీకితే ఆయనకి సుఖమొస్తుందంటే నేనే ఊడి పళ్లెంలో పడేదాన్ని.

ఏప్రిల్ మూడోవారంలో దాళ్వా మొదటి లారీ మిల్లుకి వచ్చింది. ఆలమూరు వైపు రైతుది. బుల్లిరెడ్డి కుర్చీ వేయించాడు, తాతబ్బాయి కూర్చున్నాడు. గుమాస్తా మీటరులో గింజలు పోశాడు. పంతొమ్మిది చూపించింది.

“పచ్చిదయ్యా, తీసుకెళ్లు” అన్నాడు బుల్లిరెడ్డి.

“మూడ్రోజులు ఎండబెట్టేనండి!” అని రైతు మొత్తుకున్నాడు. “మీరే సూడండి, చేత్తో పట్టుకుంటే గలగలమంటంది.”

“మీటరు అబద్ధం చెబుతాదేంటి?”

తాతబ్బాయి కుర్చీలోంచి లేచాడు. “రెడ్డిగారూ, ఆగండాగండి. ఏ బస్తాలోంచి తీసేరు గింజలు? వెనకదేనా? దానిమీద డ్రైవరు మంచినీళ్ల క్యాను పెట్టుకున్నాడు, తడి కనపట్లేదా మీకు? ఆ గంగరాజుని పంపినట్టు ఈయన్నీ పంపేత్తారా?” అంటూనే ఇనుప గొట్టం లాక్కుని మధ్య బస్తాలో పొడిచాడు. నలిపాడు, ఊదాడు. కోపంలో గింజని నోట్లోకి విసురుకున్నాడు. అది సరిగ్గా వచ్చి నా నెత్తిన పడింది.

టిక్.

“పదహారు. దింపండి” అన్నాడు తాతబ్బాయి.

గుమాస్తా ఆ బస్తాలోంచీ, ఇంకో మూడు బస్తాల్లోంచీ గింజలు తీసి మీటరులో పోశాడు. పదహారు, పదహారు, పదహారున్నర. బుల్లిరెడ్డి మీటరు వంక, తాతబ్బాయి వంక చూసి, “కుర్చీ లోపల పెట్టించండ్రా, దారికి అడ్డంగా ఉంది” అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది తాతబ్బాయికి. తను కొరికింది కుడివైపు. ఎత్తు సంగతి తలపుకే రాలేదు. బుగ్గమీద చేయి వేసుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. ఈలోపు రెండో లారీ హారన్ కొట్టింది.

జూన్‌లో మళ్లీ ఇందుమతి దగ్గరికి వెళ్లాం. పట్టీ కట్టి నమిలించింది. గీత బాగా కిందికి వచ్చిందట. నూకరత్నం గీత అంత నిమ్మళంగా లేదు కానీ, మునుపటి పరుగు లేదంది. ఎప్పుడైనా మళ్లీ తిరగబెట్టొచ్చనీ, అప్పుడు కంగారుపడొద్దనీ కూడా చెప్పింది. తర్వాత కాగితాల కట్ట ముందు పెట్టుకుంది. “చివరగా ఒకటి రాసుకోవాలండి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన పన్ను ఏదో వేలితో చూపించండి.”

తాతబ్బాయి నోరు తెరిచాడు. వేలు లోపలికి వచ్చింది. ధైర్యంగా, తడుముకోకుండా వచ్చి నా ముందున్న పంటి మీద వాలింది. “ఇదేనండి.”

నా దాకా రానేలేదు! నా పక్కన ఉన్నది ఆయన సొంత పన్ను, పుట్టి బుద్ధెరిగి ఎవరితోనూ మాట పడని పన్ను. అది బిక్కచచ్చిపోయింది. ఇందుమతి దగ్గర నా ఎక్స్‌రే ఉంది, నేను ఎక్కడున్నానో ఆవిడకి బాగా తెలుసు. కలం ఎత్తి పట్టుకుని అడిగింది. “ఇదే, ఖాయమేనా అండి?”

“ఆయ్, నాకు తెలవదేంటండీ? ఎనిమిది నెల్లు ఏడిపించింది.”

ఎనిమిది నెలలపాటు నిద్రలో కూడా నన్ను తలుచుకున్న మనిషి, నా ఇల్లెక్కడో మరిచిపోయాడు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇందుమతి ఆయన్ని సరిదిద్దలేదు. కాగితం మీద ఏదో రాసుకుని, నవ్వు దాచుకుంటూ కలం మూసింది.

బస్టాండులో నూకరత్నం వేయించిన వేరుశనగలు కొంది. ఆయన గుప్పెడు నోట్లో పోసుకుని, కుడివైపున నములుతూ, ఆవిడతో ఏదో కబురు మొదలుపెట్టాడు. ఏం కబురో నేను వినలేదు. నేను పనిలో ఉన్నాను.